మండీ పట్టీ డైరీ: రూబీ సొంత క్లాసులకు మన మెథడ్లు చేర్చిన వైనం

2024 మే 12, ఆదివారం, తిరుపతి

పాకాల పక్కన దామలచెరువులో మా మామయ్యకు మామిడి మండీ ఉంది. తోట నుంచి వచ్చిన సరుకు కాటా ఎక్కినప్పటి నుంచి రైతు చేతికి డబ్బు అందేదాకా జరిగే లెక్కంతా ఒక కాగితం మీదికి ఎక్కుతుంది. దాన్ని అక్కడ పట్టీ అంటారు. రకం, బరువు, టన్ను ధర, కమీషన్, కూలీ, రైతు ముందుగా తీసుకున్న అడ్వాన్సు, చివరికి చెల్లించవలసిన మొత్తం, ఇవన్నీ ఇంతకాలం కార్బన్ పేపరు పెట్టి చేత్తోనే రాస్తున్నారు. ఈ సీజనులో ఆ పని కంప్యూటరుకు అప్పగిస్తానని మామయ్యకు మాట ఇచ్చాను. ఉద్యోగంలో రోజూ రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషతోనే గడిచిపోతుంది కనుక దీన్ని కూడా రూబీ 3.3లోనే మొదలుపెట్టాను.

లెక్కల్లో పెద్ద కష్టమేమీ లేదు. ఇబ్బంది పెట్టేవి రెండు చిన్న విషయాలు. మొదటిది, మొత్తాన్ని మన పద్ధతిలో, అంటే వేలు, లక్షలు తెలిసేలా 12,34,567 అని రాయడం. రెండోది, తెలుగులో రాసిన మామిడి రకాల పేర్లను ఒకే వరుసలో సర్దడం. ఈ రెండింటినీ సంఖ్యకు, పదానికి సహజంగా ఉన్న గుణాల్లాగా, భాషతోపాటే వచ్చిన ఇంటిజర్ (పూర్ణాంకం), స్ట్రింగ్ (అక్షరాల వరుస) అనే క్లాసులలోనే చేర్చుకోవాలని ఉంది. క్లాసు అంటే ఒక రకం విలువలకు మూస, మెథడ్ అంటే ఆ విలువలు చేయగల పని. ఎలా చేరిస్తే ఎవరికీ నష్టం లేకుండా ఉంటుందో తేల్చుకోవడానికే ఈ డైరీ.

మే 15, బుధవారం

రూబీలో క్లాసు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. యుకిహిరో మత్సుమోతో 1995లో ఈ భాషను బయటికి విడుదల చేసిన నాటి నుంచి దీని స్వభావం ఇదే. ఇంటిజర్ అనే పేరుతో మళ్లీ ఒక క్లాసు మొదలుపెట్టి అందులో మెథడ్ రాస్తే, ఆ క్షణం నుంచి ప్రోగ్రాములోని ప్రతి పూర్ణాంకానికీ ఆ మెథడ్ వచ్చేస్తుంది. పైథాన్‌లో పూర్ణాంకాల రకానికి ఇలా కొత్తది తగిలించబోతే టైప్ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపేస్తుంది. ఈ స్వేచ్ఛ నాకు రూబీలో ఎంతో ఇష్టమైన గుణం, అందుకే ముందుగా దాన్నే వాడుకున్నాను.

కామాల నియమం ఒక్క వరుసలో ఇమిడింది. ఒక అంకెకు కుడివైపు మిగిలిన అంకెల సంఖ్య మూడుకు తగ్గకుండా బేసిగా ఉంటే, ఆ అంకె తర్వాత కామా పడాలి. 1234567లో 2 తర్వాత ఐదు అంకెలు ఉన్నాయి, 4 తర్వాత మూడు ఉన్నాయి, అందుచేత ఆ రెండు చోట్లా కామా పడి 12,34,567 వస్తుంది. 1 తర్వాత ఆరు ఉన్నాయి కనుక అక్కడ పడదు. దీన్ని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే అక్షరాల వరుసను పోల్చి చూసే నమూనాగా రాసి, సంఖ్యను అక్షరరూపంలోకి మార్చే టు_ఎస్ మెథడ్‌నే ఇంటిజర్ క్లాసులో తిరగరాశాను. ఎక్కడ సంఖ్యను ముద్రించినా కామాలు వాటంతట అవే వస్తాయని, ప్రతి చోటా పిలవనక్కరలేదని ఆలోచన. రాత్రి పది గంటలకల్లా తెర మీద లక్షల కామాలు వరుసగా కనిపించాయి.

మే 19, ఆదివారం, దామలచెరువు

ఆ ఆలోచన తప్పని మండీలో పది నిమిషాల్లోనే తేలిపోయింది. మొదటి పట్టీ అచ్చు వేసి ఇవ్వగానే మామయ్య దాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని, "ఏం అల్లుడా, సంవత్సరానికి కూడా కామా పెట్టినావే!" అన్నాడు. తేదీ ఉండవలసిన చోట 19-5-2,024 అని ఉంది. తేదీలోని సంవత్సరం కూడా పూర్ణాంకమే, దాన్ని పదంలో ఇమిడ్చినప్పుడు రూబీ నేను తిరగరాసిన టు_ఎస్‌నే పిలిచింది.

అది కంటికి కనిపించిన తప్పు కనుక సరిపోయింది. అసలు నష్టం కనిపించని చోట జరిగింది. చేతి పుస్తకంలో ఆగిన చోటు నుంచి పట్టీ సంఖ్యలు కొనసాగిస్తున్నాము, అందువల్ల ఫైలు పేరు పట్టీ-1,043 అని తయారైంది. రోజు చివర ఆడిటరు కోసం తయారుచేసే, గళ్లను కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైలులో వరుసలను కామాతో జోడించడానికి నేను జాయిన్ మెథడ్ వాడాను. అది కూడా ప్రతి సంఖ్యను టు_ఎస్ ద్వారానే అక్షరాలుగా మార్చుకుంటుంది. అందుచేత 1,86,400 రూపాయల మొత్తం మూడు గళ్లుగా విడిపోయి, పక్కనున్న కూలీ, అడ్వాన్సు అంకెలు వేరే శీర్షికల కిందికి జరిగిపోయాయి. ఆ ఫైలు ఆడిటరు దాకా పోలేదు, ఆ ఒక్కటి మా అదృష్టం.

ఇది నా ఒక్కడి తొందరపాటుతో పోయే విషయం కాదు. జావాస్క్రిప్ట్‌లో మూటూల్స్ అనే లైబ్రరీ ఎన్నో ఏళ్ల కిందట భాష సొంత అర్రేలకే (విలువల జాబితాలకే) ఫ్లాటెన్ అనే మెథడ్ చేర్చింది. 2018లో అదే పేరుతో భాషలోకి అసలైన మెథడ్ తేవాలనుకున్నప్పుడు పాత వెబ్‌సైట్లు చెడిపోతున్నాయని తేలి, చివరికి 2019 ప్రమాణంలో దానికి ఫ్లాట్ అని పేరు మార్చి పెట్టవలసి వచ్చింది. అందరూ పంచుకునే క్లాసులో ఒకరు చెయ్యి పెడితే ఆ పేరును భాష కూడా వాడుకోలేని స్థితి వస్తుంది.

సాయంత్రం పట్టీలన్నీ మళ్లీ చేత్తోనే రాశాము. నేనూ ఒక పుస్తకం పట్టుకుని కూర్చున్నాను.

మే 21, మంగళవారం

నా మెథడ్లు నా నేమ్‌స్పేస్‌లోనే, అంటే నా పేర్లకు కట్టుకున్న ఆవరణలోనే ఉండాలి, బయటికి పొక్కకూడదు. ఇదే ఇవాళ్టి లక్ష్యం. వెంటనే తట్టిన మార్గం, మండీ అనే మాడ్యూల్ (క్లాసులను, మెథడ్లను ఒక పేరు కింద చేర్చి పెట్టే గూడు) లోపల ఇంటిజర్, స్ట్రింగ్ క్లాసులను తెరవడం. మాడ్యూల్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయవలసి వచ్చింది. రూబీలో మెథడ్ పేర్లను తెలుగు లిపిలో నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు కానీ, క్లాసుకు, మాడ్యూలుకు పేరు ఇంగ్లీషు క్యాపిటల్ లాంటి పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు కనుక తెలుగు పేరును రూబీ ఒప్పుకోదు. మెథడ్లకు మాత్రం కామాలతో, అక్షరాలు అని శుభ్రంగా తెలుగులోనే పేర్లు పెట్టాను. టు_ఎస్ జోలికి ఇక పోవడం లేదు.

రాసి చూస్తే, 1234567.కామాలతో అన్న పిలుపుకు అలాంటి మెథడ్ లేదని నో మెథడ్ ఎర్రర్ వచ్చింది. కాసేపు తికమక పడ్డాక కారణం అర్థమైంది. మాడ్యూల్ లోపల ఇంటిజర్ అనే క్లాసు మొదలుపెడితే రూబీ పాత క్లాసును తెరవదు. ఆ మాడ్యూల్‌లో ఆ పేరుతో క్లాసు ఉందా అని మాత్రమే చూసి, లేకపోతే మండీకి చెందిన సరికొత్త ఇంటిజర్ క్లాసును పుట్టిస్తుంది. నేను రాసిన 1234567 అనే సంఖ్య మాత్రం ఎప్పటిలాగే భాష సొంత ఇంటిజర్‌కు చెందినది. రెండింటికీ పేరు ఒక్కటే, చుట్టరికం ఏమీ లేదు.

మే 22, బుధవారం

నిన్న పుట్టిన కొత్త క్లాసులను తీసేయకుండా వదిలేసిన పాపం ఇవాళ పండింది. కాటా చీటీల నుంచి ఎక్కించిన వివరాలను చదివే చోట, వచ్చినది పదమా సంఖ్యా అని కేస్ వాక్యంతో విడదీస్తున్నాను. ఒక్కసారిగా ప్రతి రకం పేరూ, తోతాపురి అయినా బేనీషా అయినా, "గుర్తు తెలియని వివరం" అన్న చివరి కొమ్మలోకి పడిపోతోంది. డేటా సరిగానే ఉంది, ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8గానే ఉంది. గంటకు పైగా ఫైలంతా వెతికాను.

మండీ మాడ్యూల్ లోపల స్ట్రింగ్ అని రాస్తే రూబీ ముందుగా ఆ మాడ్యూల్‌లోనే వెతుకుతుంది. అక్కడ నేను నిన్న పుట్టించిన కొత్త స్ట్రింగ్ దొరుకుతుంది, కనుక ఇంక బయటికి పోదు. తోతాపురి అన్న పదం ఆ కొత్త క్లాసుకు చెందినది కాదు కాబట్టి పోలిక కుదరదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది. నేమ్‌స్పేస్‌లో అంతర్నిర్మిత క్లాసు పేరునే తిరిగి వాడుకోవడంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే తప్పు రాసిన చోటుకు, అది బయటపడే చోటుకు సంబంధమే కనిపించదు. పేరుకు ముందు జంట కోలన్లు పెడితే వెతుకులాట నేరుగా అన్నిటికంటే పై స్థాయిలో మొదలవుతుంది. ఆ రెండు క్లాసులనూ తుడిచేసి, ఇకపై మాడ్యూల్ లోపల భాష సొంత క్లాసు పేరు రాయవలసినప్పుడల్లా జంట కోలన్లు పెట్టాలని నియమం పెట్టుకున్నాను.

మే 25, శనివారం

జంట కోలన్లతోనే మాడ్యూల్ లోపల ఇంటిజర్‌ను తెరిచి చూశాను. మెథడ్ పనిచేసింది. అయితే అది మే 15 నాటి పనికి మరో రూపం మాత్రమే. తెరిచింది లోకానికంతటికీ ఉమ్మడిగా ఉన్న క్లాసునే కనుక, చుట్టూ మాడ్యూల్ గోడ కట్టినందువల్ల కాపలా ఏమీ దొరకదు.

ఆ తర్వాత వారసత్వం వైపు, అంటే ఉన్న క్లాసు గుణాలతో కొత్త క్లాసును తీయడం వైపు చూశాను. స్ట్రింగ్ నుంచి రకంపేరు అనే కొత్త క్లాసును తీసి, దానికి మాత్రమే అక్షరాలు అన్న మెథడ్ ఇచ్చాను. ఒక్క మెట్టు దాకా బాగుంది. అంచుల ఖాళీలు తీసేయడానికి స్ట్రిప్ పిలిచిన వెంటనే చేతికి వచ్చినది మామూలు స్ట్రింగ్. రూబీ 3.0 నుంచి ఇలాంటి మెథడ్లు వారసుడి మీద పిలిచినా మూల క్లాసు వస్తువునే ఇస్తున్నాయి. ఆ నిర్ణయం సబబైనదే కానీ, నాకు మాత్రం ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ చుట్టుకోవలసి వస్తుంది. ఇంటిజర్ విషయంలో ఆ దారి కూడా లేదు, దానికి కొత్త వస్తువును పుట్టించే న్యూ మెథడే ఉండదు.

మే 26, ఆదివారం

ఇవాళ రిఫైన్‌మెంట్ల దగ్గరికి, అంటే క్లాసును మార్చకుండా కావలసిన చోట మాత్రమే దానికి మెథడ్లు చేర్చే ఏర్పాటు దగ్గరికి వచ్చాను. వీటి గురించి చదివి చాలా ఏళ్లయింది, ఎన్నడూ వాడలేదు. షుగో మయేదా 2010లో రూబీకాన్ సభలో ఈ ఆలోచనను వివరించారు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన రూబీ 2.0లో ప్రయోగాత్మకంగా చేరి, అదే ఏడాది డిసెంబరులో 2.1తో స్థిరపడింది. మాడ్యూల్, క్లాసు శరీరం లోపల కూడా వీటిని చేతనం చేసుకునే వీలు 2.1లోనే వచ్చింది.

పద్ధతి ఇది. మండీ లోపల తెలుగులెక్క అనే మాడ్యూల్‌లో, ఇంటిజర్‌ను రిఫైన్ చేస్తున్నానని చెప్పి, ఆ బ్లాకులో కామాలతో మెథడ్‌ను రాస్తాము. రాసినంత మాత్రాన ఏమీ జరగదు. ఏ ఫైలుకు ఆ మెథడ్ కావాలో ఆ ఫైలులో యూజింగ్ అని ఆ మాడ్యూల్ పేరు చెప్పాలి. చెప్పిన వరుస నుంచి ఆ ఫైలు చివరిదాకా అది కనిపిస్తుంది. పై వరుసలకు కనిపించదు, పక్క ఫైలుకు కనిపించదు. యూజింగ్‌ను ఒక మాడ్యూల్ శరీరంలో రాస్తే ఆ శరీరం ముగిసేదాకానే పని చేస్తుంది. అదే మాడ్యూల్‌ను మరో ఫైలులో తెరిచినా అక్కడ మళ్లీ చెప్పవలసిందే. మెథడ్ లోపల రాస్తే రూబీ ఒప్పుకోదు.

ఇందులో నాకు గొప్పగా తోచింది ఒక్క సంగతి. సంఖ్య మారలేదు, సంఖ్య క్లాసూ మారలేదు. మారినదల్లా ఆ ఫైలులో రాసిన పిలుపుల అర్థం. 1234567 అనే సంఖ్య ఈ ఫైలులో పుట్టి మరో ఫైలుకు పోయినా తనతో ఏమీ మోసుకుపోదు. పిలుపు ఎక్కడ రాశామో అక్కడ యూజింగ్ ఉందా అన్నదే ప్రశ్న. నేను నేమ్‌స్పేస్‌ను క్లాసు చుట్టూ కట్టాలని చూస్తూ వచ్చాను, కట్టవలసింది పిలుపు చుట్టూ.

తెలుసుకుందామని టు_ఎస్‌ను కూడా రిఫైన్ చేసి చూశాను. పదంలో సంఖ్యను ఇమిడ్చిన చోట కామాలు వచ్చాయి, 2.5 నుంచి అక్కడ రిఫైన్‌మెంట్లను గౌరవిస్తున్నారు. అదే సంఖ్యను పుట్స్‌తో నేరుగా అచ్చు వేస్తే కామాలు రాలేదు, జాయిన్‌తో కలిపితే రాలేదు. ఆ రెండూ టు_ఎస్‌ను తమ లోపల, సీ భాషలో రాసిన చోట నుంచి పిలుస్తాయి, నా యూజింగ్ అక్కడికి చేరదు. ఒకే ఫైలులో ఒకే సంఖ్య రెండు రకాలుగా కనిపించడం నాకు సమ్మతం కాదు. ఉన్న మెథడ్‌ను రిఫైన్‌మెంట్‌తో మార్చడం కంటే లేని పేరును చేర్చడమే క్షేమమని నిర్ణయించుకున్నాను.

జూన్ 2, ఆదివారం

ఇవాళంతా అక్షరాలతోనే గడిచింది. చాలా రోజుల తర్వాత పనిలో ఇంత తృప్తి కలిగింది.

రూబీకి తిరుపతి అన్న పదం పొడవు 7. త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని అది యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది. బైట్లు 21. మనకు మాత్రం తి, రు, ప, తి అని అక్షరాలు నాలుగే. రకాల పేర్లను పన్నెండు స్థానాల వెడల్పుకు సర్దమంటే, తోతాపురికి 8 సంకేతాలు ఉన్నాయని 4 ఖాళీలు, నీలానికి 4 సంకేతాలు ఉన్నాయని 8 ఖాళీలు చేర్చింది. కంటికి కనిపించే అక్షరాలతో చూస్తే మొదటి వరుస 4, 4 కలిపి ఎనిమిది, రెండో వరుస 2, 8 కలిపి పది. అందుకే బరువుల గడి వరుసవరుసకూ అటూ ఇటూ జరుగుతోంది.

రూబీ 2.5 నుంచి స్ట్రింగ్‌కు గ్రాఫీమ్ క్లస్టర్లను, అంటే ఒక్క అక్షరంగా లెక్కించే సంకేతాల గుంపులను విడదీసే మెథడ్ ఉంది. తిరుపతికి అది సరిగ్గా నాలుగు అని చెప్పింది. చిత్తూరుకు మాత్రం చి, త్, తూ, రు అని నాలుగు చూపించింది. నేను వాడుతున్న 3.3లో ఒత్తు దగ్గర అక్షరాన్ని రెండుగా విరుస్తోంది. మన బడిలో చిత్తూరులో అక్షరాలెన్ని అని అడిగితే చి, త్తూ, రు అని మూడే చెబుతాము. అందువల్ల నా నమూనాను నేనే రాసుకున్నాను. క నుంచి హ దాకా ఉన్న హల్లు, దాని వెంట పొల్లు, ఈ జంట ఎన్నిసార్లు వచ్చినా సరే, వాటి తర్వాత ఒక అక్షరం, దానికి తగిలిన గుణింత గుర్తులు, అన్నీ కలిసి ఒక్క అక్షరం. చిత్తూరుకు 3 వచ్చింది. బస్ వంటి పొల్లుతో ముగిసే మాటలు చెడతాయేమోనని భయపడ్డాను. అక్కడ ముందుకు పోవడానికి అక్షరం దొరకక నమూనా ఒక అడుగు వెనక్కి వేసి, స్ అనేదాన్ని విడి అక్షరంగా తీసుకుని బ, స్ అని రెండు ఇచ్చింది. ఖాళీలను, అంకెలను విడిగా కలపవలసి వచ్చింది.

ఇది కచ్చితమైన కొలత కాదు. తెలుగు ఫాంటులో పా ఆక్రమించే చోటు వేరు, ర ఆక్రమించే చోటు వేరు. తెర మీద చూసుకోవడానికి ఈ సర్దుబాటు చాలు. అచ్చులో మాత్రం ప్రతి గడి ఎక్కడ మొదలవ్వాలో కొలిచి బొమ్మగా గీయిస్తున్నాను. మామయ్య దగ్గరున్న చిన్న రసీదు ప్రింటరుకు తెలుగు అక్షరాలు సొంతంగా తెలియవు కనుక ఎలాగూ బొమ్మగానే పంపాలి.

జూన్ 8, శనివారం

పట్టీని గీసే క్లాసు వేరే ఫైలులో ఉంది. గడి శీర్షిక, ఆ గడికి పిలవవలసిన మెథడ్ పేరు, ఈ రెండింటి జాబితాను దానికి ఇస్తే, అది పబ్లిక్_సెండ్‌తో ఒక్కొక్క విలువ మీద ఆ పేరును పిలుస్తుంది. పరీక్షలన్నీ సరిగ్గా నెగ్గి, అసలు పట్టీ గీయబోతే కామాలతో అన్న మెథడ్ లేదని ఆగింది.

పేరుతో పిలిచే సెండ్‌కు రూబీ 2.4లో, పబ్లిక్_సెండ్‌కు 2.6లో రిఫైన్‌మెంట్లు కనిపించేలా చేశారు, ఆ సంగతి నిజమే. అయితే అవి చూసేది తమను పిలిచిన చోటును. పిలుస్తున్నది గీసే ఫైలు, అక్కడ యూజింగ్ లేదు. నేను పేరు రాసి ఇచ్చిన ఫైలులో ఉండి ప్రయోజనం లేదు, ఎందుకంటే అక్కడ రాసినది ఒక పేరే తప్ప పిలుపు కాదు. మ్యాప్‌కు మెథడ్ పేరును ఆంపర్‌శాండ్‌తో ఇచ్చే పద్ధతి నా ఫైలులో చక్కగా పనిచేస్తోంది, అది పేరును నా ఫైలులోనే పిలుపుగా మారుస్తుంది కనుక.

గీసే ఫైలులో కూడా యూజింగ్ పెడితే సమస్య తీరుతుంది. అయినా ఆ ఫైలుకు రూపాయలు, కామాలు తెలియవలసిన అవసరం లేదు, దాని పని గీతలు గీయడం. అందుచేత జాబితాలో మెథడ్ పేరుకు బదులు లాంబ్డా, అంటే తర్వాత నడిపించడానికి పంపే చిన్న కోడు ముక్క ఇచ్చాను. "ఈ విలువను తీసుకుని దాని మీద కామాలతో పిలువు" అని నా ఫైలులోనే రాసి పంపితే, దాన్ని ఎవరు ఎక్కడ నడిపించినా లోపలి పిలుపుకు నేను రాసిన చోటి అర్థమే ఉంటుంది. దీనితో గీసే క్లాసు ఇంకా శుభ్రమైంది.

ఇదే రోజు మరో గంట పోగొట్టుకున్నది కమీషన్ అన్న మెథడ్ దగ్గర. నిర్వచనంలో కమీషన్, పిలుపులో కమీషన్, కంటికి తేడా ఏమీ లేదు, రూబీ మాత్రం అలాంటి మెథడ్ లేదంటుంది. నేను వాడే కీబోర్డు పొల్లుతో ముగిసే మాట చివర ఒక్కోసారి కనిపించని అక్షర విభాజకాన్ని చేరుస్తోంది. ఒకచోట సంకేతాలు ఆరు, మరోచోట ఏడు. తెలుగులో మెథడ్ పేర్లు పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగినది, పొల్లుతో ముగియని మాటను ఎంచుకోమని. నేను దాన్ని కమీషను అని మార్చుకున్నాను.

జూన్ 15, శనివారం

కమీషను శాతం లెక్కలో పైసల దగ్గర తేడా రాకూడదని భిన్నాలుగా, అంటే రేషనల్ క్లాసులో లెక్క చేస్తున్నాను. ముద్రించే ముందు దాన్ని రూపాయికి సవరించి కామాలు పెట్టాలి. ఇంటిజర్‌కు, రేషనల్‌కు ఒకే మెథడ్ కావాలి. రెండింటికీ పైనున్న న్యూమరిక్‌ను రిఫైన్ చేస్తే ఒక్క చోట రాస్తే సరిపోయేది, అయితే అప్పుడు ఫ్లోట్‌కు (ఉజ్జాయింపుగా దాచే దశాంశ సంఖ్యకు) కూడా ఆ మెథడ్ వస్తుంది. రైతు డబ్బులో ఫ్లోట్ కలిసిందంటే ఎక్కడో నా లెక్క తప్పిందని అర్థం. ఆ తప్పు కామాలు తగిలించుకుని మర్యాదగా పట్టీ మీదికి ఎక్కడం కంటే అక్కడే ఎర్రర్‌తో ఆగిపోవడమే నాకు కావాలి.

ఉమ్మడి మెథడ్‌ను వేరే మాడ్యూల్‌లో రాసి, రెండు రిఫైన్ బ్లాకులలోనూ ఇంక్లూడ్ చేశాను. ఆ దారిని 3.2లో పూర్తిగా తీసేశారని టైప్ ఎర్రర్ చెప్పింది. దాని స్థానంలో 3.1 నుంచి ఇంపోర్ట్_మెథడ్స్ ఉంది. ఇది మాడ్యూల్‌ను వారసత్వంలో చేర్చదు, అందులోని మెథడ్ల నకలును రిఫైన్‌మెంట్‌లోకి దింపుతుంది, అందుచేత ఆ మెథడ్ల లోపలి పిలుపులకు కూడా రిఫైన్‌మెంట్ వర్తిస్తుంది. రూబీలో రాసిన మెథడ్లనే తీసుకుంటుంది, సీలో రాసినవాటిని తీసుకోదు. నాకు ఆ ఇబ్బంది లేదు.

అడ్వాన్సు ఎక్కువై రైతే బాకీ పడిన పట్టీకి -1,20,500 అని సరిగ్గా వచ్చింది.

జూన్ 23, ఆదివారం, దామలచెరువు

తోతాపురి ముమ్మరంగా దిగుతోంది. పొద్దున ఆరు గంటల నుంచి ట్రాక్టర్లు వరుస కట్టాయి. ఇవాళ పట్టీలన్నీ ప్రోగ్రామే రాసింది. తేదీల్లో కామా లేదు, ఫైలు పేర్లలో లేదు, ఆడిటరు ఫైలులో గళ్లు కదలలేదు. మొత్తాల్లో మాత్రం లక్ష దగ్గర, వెయ్యి దగ్గర ఉండవలసిన చోట ఉంది. ఒక పెద్దాయన పట్టీ అందుకుని వేలితో కామాల దగ్గర ఆగుతూ "ఒక లక్షా, ముప్పై రెండు వేలా..." అని చదువుకున్నాడు. చూపు ఆనని వయసులో లక్షను లక్షగా గుర్తుపట్టడానికి ఆ గుర్తు ఎంత ఉపయోగమో పక్కన నిలబడి చూస్తే తెలిసింది.

ప్రోగ్రాము మొత్తంలో యూజింగ్ అన్న మాట మూడు ఫైళ్లలో ఉంది, పరీక్షల ఫైలును కలిపితే నాలుగు. ఏ ఫైలు తెరిచినా మొదటి వరుసల్లోనే, ఇక్కడ సంఖ్యలకు కొత్త మెథడ్లు ఉన్నాయని చదివేవాడికి తెలిసిపోతుంది. మే 15 నాటి పద్ధతిలో ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

2026 జనవరి 11, ఆదివారం, తిరుపతి

డిసెంబరు 25న రూబీ 4.0 వచ్చింది. అందులో రూబీ బాక్స్ అనే కొత్త ఏర్పాటును ప్రయోగాత్మకంగా చేర్చారు. దీనికి మూలం సతోషీ టాగోమోరి చేసిన నేమ్‌స్పేస్ ప్రతిపాదన. రూబీ_బాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని ఇచ్చి నడిపితేనే అది పనిచేస్తుంది. ఒక బాక్సును పుట్టించి అందులోకి ఫైలును ఎక్కిస్తే, ఆ ఫైలు అంతర్నిర్మిత క్లాసులను తెరిచి ఏం మార్చినా ఆ మార్పు బాక్సు దాటి రాదు.

మే 15 నాటి పాత ఫైలు, టు_ఎస్‌ను తిరగరాసినది, గుర్తుగా దాచి ఉంచాను. దాన్ని ఒక బాక్సులోకి ఎక్కించి చూశాను. బాక్సు లోపలి మెథడ్ 1234567ను టు_ఎస్‌తో మార్చి ఇస్తే 12,34,567 వచ్చింది. బయట 2026 మీద అదే టు_ఎస్ పిలిస్తే 2026 అనే వచ్చింది.

నాకు దీని ఉపయోగం వేరే చోట కనిపిస్తోంది. ఎవరో రాసిన లైబ్రరీ ఇంటిజర్‌నో స్ట్రింగ్‌నో తెరిచి మారుస్తుంటే, దాని లోపలి వరుసలను నేను మార్చలేను, దాన్ని బాక్సులో పెట్టి వాడుకోవడం ఒక్కటే దారి. నా సొంత మెథడ్ల విషయంలో ఏ ఫైలుకు ఏమి కావాలో ఆ ఫైలే చెప్పుకునే యూజింగ్ నాకు ఎక్కువ నచ్చింది, పైగా బాక్స్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది. పట్టీ ప్రోగ్రామును 4.0 మీదికి మార్చి పరీక్షలన్నీ నడిపాను. రిఫైన్‌మెంట్లలో ఒక్క వరుస కూడా మార్చవలసిన అవసరం రాలేదు. మామయ్య ఈసారి నీలం, బేనీషా పట్టీలకు క్రేట్ల లెక్క కూడా చేర్చమన్నాడు. ఏప్రిల్ లోపల అది పూర్తి చేయాలి.